క్రీస్తు పూర్వం 148లో మంగాదేవి

మంగాదేవి ఐర్లండులోని అత్లోన్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో కాగితాలు చదివే ఉద్యోగం చేస్తుంది. కాళ్ళు చాపుకుని తీరిగ్గా చదివే చదువు కాదది. లోపల మాత్రలు తయారైన ప్రతిసారీ ఏ పొడి ఎంత పడింది, ఎన్నింటికి పడింది, వేసిందెవరు, పక్కన నిలబడి చూసిందెవరు అనే వివరమంతా ఒక దస్త్రంగా బయటికొస్తుంది. దాన్ని బ్యాచ్ రికార్డు అంటారు. అందులో ఒక సంతకం తక్కువైనా, ఒక తేదీ మీద ఇంకో తేదీ దిద్దినా మంగాదేవి కళ్ళు తప్పించుకోలేదు. రాయని పని చేసినట్టు కాదన్నది ఆ ఫ్యాక్టరీలో మొదటి రోజే నేర్పే నియమం. పద్నాలుగేళ్ళలో ఆ నియమం ఆమె రక్తంలోకి ఎక్కింది. ఆరడుగుల ఐరిష్ ఆపరేటర్లు కూడా అయిదడుగుల మంగాదేవి నడవాలోకి రాగానే జేబులో నీలం పెన్ను ఉందో లేదో తడుముకుంటారు.

ఇంట్లోనూ అదే తంతు. వంటింటి అల్మరాను ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారు. మంగాదేవి ప్రెస్‌లో ప్రతి సీసా మీదా ఒక చీటీ ఉంటుంది. తెరిచిన తేదీ, తెరిచినవారు. ఆమె భర్త విజయేంద్ర ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ మనిషి. పెద్ద ప్రమాదకారి కాదు గానీ ఆకలికి ఆగలేడు.

"ఏవండీ, గోంగూర సీసా ఎవరు తెరిచారు?"

"నేనే మంగా."

"ఎప్పుడు?"

"ఆకలేసినప్పుడు."

"అది తేదీ కాదండీ."

ఆయన ఆ సాయంత్రం చీటీ మీద తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టి, ఆలస్యానికి కారణం కూడా రాయాల్సి వచ్చింది. వాళ్ళ కూతురు సుధేష్ణకి పదహారేళ్ళు. అయిదేళ్ళప్పుడే తన బొమ్మలకి ఎక్స్‌పైరీ తేదీలు వేసుకున్న పిల్ల. ఇప్పుడు మాత్రం తల్లి మాట్లాడే తెలుగంతా అర్థం చేసుకుని, జవాబులన్నీ మిడ్‌లాండ్స్ యాసలో ఇంగ్లీషులో ఇస్తుంది.

గత ఏడాది మే నెలలో ఒక ఆదివారం వాన పడుతోంది. అందులో వింతేమీ లేదు. సుధేష్ణకి బళ్ళో చరిత్ర ప్రాజెక్టు ఇచ్చారు, దగ్గర్లో ఉన్న పాత స్థలమొకటి చూసి రాయాలి. ముగ్గురూ కారెక్కి పక్కనున్న లాంగ్‌ఫర్డ్ జిల్లాలోని కోర్లీ అనే చోటికి వెళ్ళారు. చుట్టూ బాగ్, అంటే నల్లటి మెత్తటి నేల. ఆ నల్లమట్టిని తవ్వి ఎండబెడితే కట్టెల్లా కాలుతుంది. వెనకటికి అలా తవ్వుతుంటే అడుగున ఓక్ పలకలతో వేసిన రోడ్డు బయటపడింది. దాని ముక్కను ఒక చల్లటి హాలులో పరిచి, ఎండిపోకుండా గాలిలో తేమను కనిపెట్టుకుంటూ కాపాడుతున్నారు.

అక్కడి గైడు ఫింటన్ పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు.

"ఈ చెట్లను క్రీస్తు పూర్వం 148 చివర్లో నరికారు. మహా అయితే 147 మొదట్లో," అన్నాడు.

"సుమారుగానా?" అంది మంగాదేవి. ఆ మాటంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ పడదు.

"సుమారు కాదండీ. కచ్చితంగానే."

"ఎవరు రాసిపెట్టారు?"

"ఎవరూ రాయలేదు. అప్పటికి ఈ దేశంలో రాతే లేదు. చెట్టే రాసుకుంది." ఫింటన్ పలక అంచు మీద గీతలు చూపించాడు. చెట్టుకి ఏడాదికొక వలయం. వాన బాగా పడిన ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. ఈమధ్య నరికిన చెట్టులోని ఆ వెడల్పుల వరసను ఇంకా పాత చెట్ల వరసతో, వాటిని మరింత పాత చెట్లతో కలుపుకుంటూ పోతే ఈ పలకలో ఆఖరి వలయం ఏ సంవత్సరానిదో తేలుతుంది.

మంగాదేవి అక్కడే నిలబడిపోయింది. ఒక్క కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు, సిరా అలుక్కుపోలేదు. రెండు వేల ఏళ్ళు బురదలో నానినా చదవడానికి వీలుగా ఉన్న రికార్డు! తన ఉద్యోగంలో ఇంత శుభ్రమైన దస్త్రం ఇంతవరకూ చూడలేదు.

"ఇంత బరువైన రోడ్డు వేశారు కదా, పదేళ్ళలోపే బురదలోకి దిగిపోయింది," అన్నాడు ఫింటన్.

"పదేళ్ళకేనా? మనవాళ్ళే వేసుంటారు," అన్నాడు విజయేంద్ర తెలుగులో.

కారెక్కాక మంగాదేవి అత్లోన్ ఇంకో పది మైళ్ళుందనగా అడిగింది.

"ఆ ఏడాది మన వైపు ఏం జరుగుతుండేదండీ?"

"ఏ ఏడాది?"

"అదే, నూట నలభై ఎనిమిది."

"శాతవాహనులు ఉండుంటారు."

"ఏ రాజు?"

"శాతకర్ణి."

"ఎన్నో శాతకర్ణి?"

విజయేంద్ర వైపర్ల వేగం పెంచాడు. వెనక సీట్లోంచి సుధేష్ణ, "మమ్, నోబడీ రోట్ ఇట్ డౌన్. ఇట్స్ గ్రాండ్," అంది. ఇక్కడివాళ్ళ మాటల్లో గ్రాండంటే ఫరవాలేదని.

"రాసుకోకపోతే గ్రాండెలా అవుతుందే?" అంది మంగాదేవి. ఆ క్షణంలోనే ఆమె ఆ సంవత్సరం మీద పడింది.

మరుసటి వారం ఇంట్లో ఒక పుస్తకం వెలిసింది. అట్ట మీద "క్రీ.పూ. 148" అని రాసుంది. లోపల గళ్ళు. ఎక్కడ, ఏం జరిగింది, ఆధారమేంటి, రాసినవారు, సరిచూసినవారు. రాసేది మంగాదేవి. సరిచూసేవాడు ఎవరో ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"ఇందులో నేను సరిచూసిందేముంది మంగా? మాసినిస్సా ఎవరో కూడా తెలీదు నాకు."

"ఆఫ్రికాలో నుమిడియా రాజు. ఆ ఏడే పోయాడు. తొంభై ఏళ్ళు. నాలుగేళ్ళ కొడుకుని వదిలి పోయాడు."

విజయేంద్ర మనసులో తీసివేత చేసుకుని కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఎనభై ఆరేళ్ళకా? దీనికి నా సంతకం అవసరమా?"

"మూడు పుస్తకాల్లో ఉందండీ. మీరు పేజీలు చూసి పెట్టండి."

"పోనీలే. మొత్తానికి అప్పటి నుంచి రెండు వేల నూట డెబ్బై మూడేళ్ళన్నమాట."

"డెబ్బై రెండు. సున్నా సంవత్సరం లేదు."

ఆయన సంతకం పెట్టాడు. వేసవికల్లా పుస్తకం సగం నిండింది. ఆ ఏడే రోమువాళ్ళు ఇటలీ ఉత్తరాన ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా పెద్ద రోడ్డు వేశారు. దాని మీద కొంత మేర ఇప్పటికీ బండ్లు నడుస్తున్నాయని తెలిసి, మునిగిపోయిన కోర్లీ రోడ్డు తరఫున ఆమె కాస్త చిన్నబుచ్చుకుంది. మాసిడోనియాలో బట్టలు ఉతికి బతికే ఆండ్రిస్కస్ అనే మనిషి తాను పాత రాజు కొడుకునని నమ్మించి ఏకంగా సింహాసనమెక్కాడు. ఆ ఏడు రోము సైన్యం వచ్చి దించేసింది. చైనాలో చక్రవర్తికి సలహాలు చెప్పే ఒక పెద్దమనిషిని చక్రవర్తి తమ్ముడే మనుషుల్ని పెట్టి చంపించాడు. కార్తేజ్ నగరాన్ని రోమువాళ్ళు చుట్టుముట్టి కూర్చున్నారు.

"కార్తేజ్ ఆడవాళ్ళు యుద్ధయంత్రాల తాళ్ళ కోసం జుట్టు కోసిచ్చారట మంగా. ఇది రాయి, బాగుంది," అన్నాడు విజయేంద్ర. పాపం, అప్పటికి ఆయనకీ రుచి తగిలింది.

"అది నూట నలభై తొమ్మిది. ముట్టుకోకండి."

అన్నీ వస్తున్నాయి గానీ సొంతూరి గడి మాత్రం ఖాళీగా ఉంది. మంగాదేవిది రేపల్లె. పక్కనే భట్టిప్రోలు. అక్కడి పాత స్తూపంలో దొరికిన రాతి భరిణెల మీద అక్షరాలున్నాయని ఆమె బళ్ళో చదువుకుంది. ఆ చదువు చెప్పిన మధుసూదనరావు మాస్టారికి ఎనభై మూడేళ్ళు. రేపల్లెలోనే ఉంటున్నారు. ఒక శనివారం పొద్దున్నే ఫోన్ చేసింది.

"మాస్టారూ, నేను మంగాదేవినండీ, ఐర్లండు నుంచి. భట్టిప్రోలు శాసనాలు ఏ సంవత్సరానివండీ?"

"బాగున్నావా తల్లీ! అవా, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దమో, రెండోదో. పండితులు ఇంకా తేల్చుకోలేదు."

"నూట నలభై ఎనిమిది అయ్యే అవకాశముందా అండీ?"

"ఎందుకు లేదు, ఉంది."

"అయితే ఏ నెలండీ?"

"శతాబ్దమే తేలక వాళ్ళు కొట్టుకుంటుంటే నెలంటావేంటమ్మా! చిన్నప్పుడు కూడా ఇంతే నువ్వు. పానిపట్టు యుద్ధం పొద్దున జరిగిందా, సాయంత్రమా అని అడిగావు."

"మీరు చెప్పలేదు మాస్టారూ."

"ఇప్పుడూ చెప్పను. ఒకటి మాత్రం రాసుకో. ఏ సంవత్సరమో రాయలేదు గానీ, ఆ కట్టడానికి పూనుకున్న పెద్దల పేర్లు మాత్రం వరసగా చెక్కించుకున్నారు. రాజు కుబిరకుడి పేరూ ఉంది."

మంగాదేవి ఆ గడిలో "సుమారు" అని రాసింది. ఆ ఒక్క మాటకి అరగంట పట్టిందని విజయేంద్ర ఇప్పటికీ అంటాడు.

ఈలోపు ఆమె సందేహాలు తీర్చుకోడానికి కోర్లీకి నాలుగుసార్లు వెళ్ళింది. నాలుగోసారి ఫింటన్ ఆమె కారు చూసి లోపలికెళ్ళి స్వెట్టర్ వేసుకొచ్చాడు. చల్లటి హాలులో ఎంతసేపు నిలబడాలో అప్పటికి ఆయనకి అనుభవమైంది. ఆ రోజే ఆమె పుస్తకమంతా తిరగేసి, "మా పల్లెలో రిటైరైనవాళ్ళ సంఘముంది. ప్రతి నెలా ఎవరో ఒకరు వచ్చి మాట్లాడతారు. పోయిన నెల మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. సెప్టెంబరులో మీరొచ్చి ఇది చెప్పకూడదా?" అన్నాడు.

మంగాదేవి ఎప్పుడూ వేదిక ఎక్కలేదు. నెల రోజులు వంటింట్లో సాధన చేసింది. సుధేష్ణ ఎదురుగా కూర్చుని ఉచ్చారణ దిద్దింది. ఆండ్రిస్కస్ అన్న మాట కూతురికి ఒకలా, తల్లికి ఒకలా వచ్చేది. చివరికి "మమ్, హీ ఈజ్ డెడ్, హీ వోంట్ మైండ్," అని ఆ పిల్ల వదిలేసింది.

సెప్టెంబరు మొదటి బుధవారం మధ్యాహ్నం ఆ పల్లె హాలులో ఇరవై ముగ్గురు కూర్చున్నారు. వెనక బల్ల మీద టీ, ఆపిల్ టార్టు. మంగాదేవి మంగళగిరి చీర మీద స్వెట్టరు, కింద వాన బూట్లు వేసుకుని మైకు ముందుకొచ్చింది.

"మీకు చెప్పేదంతా 148లో జరిగిందే. 149, 147 గురించి దయచేసి అడక్కండి," అని మొదలుపెట్టింది.

రోడ్లంటే అందరూ తలలూపారు. దొంగ రాజు దగ్గర నవ్వారు. మాసినిస్సా దగ్గరకొచ్చేసరికి ముందు వరసలో కూర్చున్న బ్రైడీ అనే పెద్దావిడ చెయ్యెత్తింది. పక్కన ఆమె భర్త జిమ్మీ టార్టు తింటున్నాడు.

"ఎనభై ఆరేళ్ళకి బిడ్డా? మరి ఆ భార్య ఏమంది?"

"దానికి రికార్డు లేదండీ."

"ఉండదు. ఆమెకి రాసుకునే తీరికెక్కడిది?"

హాలంతా గొల్లుమంది. మంగాదేవికి ధైర్యం వచ్చింది. భట్టిప్రోలు గురించి చెబుతూ, ఏ సంవత్సరమో తెలీదు గానీ పూనుకున్న పెద్దల పేర్లు మాత్రం రాయి మీద ఉన్నాయని చెప్పగానే సంఘం కార్యదర్శి లేచి, ప్రపంచంలో కమిటీలన్నీ ఒక్కటేనని ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రశ్నలప్పుడు వెనక నుంచి ఒక బక్కపల్చటి మనిషి లేచాడు. పేరు ఒలివర్ డోలన్, డెబ్బై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు బాగ్ మీద మట్టి తవ్వే మిషను నడిపేవాడు.

"అలాంటి కర్రలు మా మిషనుకీ తగిలేవండీ. ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళం," అన్నాడు.

"పట్టుకెళ్ళి?"

"పొయ్యిలో వేసేవాళ్ళం. భలే కాలేవి."

మంగాదేవి మైకు కింద పెట్టింది. "ఎన్ని కాల్చారు?"

"ఎవరు లెక్కబెట్టారు?"

"ఎప్పుడెప్పుడు?"

"చలేసినప్పుడు."

మూడో వరసలో కూర్చున్న విజయేంద్రకి అంతకాలానికి ఒక తోడు దొరికినట్టయింది. ఆయన ఆ పెద్దాయన వైపు సానుభూతిగా చూశాడు.

"ఒకటి మిగిలిందిలెండి. వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నా," అన్నాడు డోలన్.

ఆ శనివారమే భార్యాభర్తలిద్దరూ డోలన్ ఇంటికి వెళ్ళారు. చిన్న ఇల్లు, శుభ్రమైన వంటిల్లు. భార్య నోరా పోయి ఆరేళ్ళయింది. ఆమె ఫోటో రేడియో పక్కన ఉంది. తలుపు దగ్గర ఆ కర్ర ఉంది. మూరన్నర పొడవు, జానెడు వెడల్పు. గోధుమ రంగు పెయింటుతో నిగనిగలాడుతోంది.

"ఏటా క్రిస్మస్‌కి ఒక పూత వేస్తా," అన్నాడు డోలన్ గర్వంగా.

మంగాదేవి కళ్ళు మూసుకుంది. యాభై పూతల కింద వలయాలు లెక్కపెట్టడం ఆమె భూతద్దం తరం కాలేదు. పైగా ఇంకో సంగతి. ఇలా పాత వస్తువు దొరికితే కొద్ది రోజుల్లోపే డబ్లిన్‌లో మ్యూజియంవాళ్ళకి తెలియజెయ్యాలని చట్టమని ఫింటన్ చెప్పాడు. ఆ మాట డోలన్‌కి చెప్పింది.

"తెలియజేద్దామనే అనుకున్నా. కుదర్లేదు," అన్నాడాయన.

"యాభై ఏళ్ళా?"

"పనులుంటాయి కదమ్మా."

"ఇప్పుడు తెలియజేద్దాం డోలన్ గారూ. నేను రాస్తాను, మీరు సంతకం పెట్టండి."

పేరు, చిరునామా సులువుగా అయిపోయాయి. మూడో ప్రశ్న, దొరికిన తేదీ. డోలన్ పైకప్పు చూశాడు.

"వానలప్పుడు."

విజయేంద్ర దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. మంగాదేవి మాత్రం విసుక్కోలేదు. ఫింటన్ చెప్పిన పద్ధతే పట్టుకుంది. తెలియని దాన్ని తెలిసిన దాని పక్కన పెట్టి కలుపుకుంటూ పోవాలి.

"అప్పటికి మీకు పెళ్ళయిందా?"

"లేదు. ఇల్లు కట్టడం అయింది. తలుపులు పెట్టాం. ఇదిగో, ఈ తలుపు గాలికి కొట్టుకుంటుంటే నోరాకి చిరాకొచ్చేది. అందుకే కదా తెచ్చింది."

"అంటే పెళ్ళికి కొంచెం ముందు."

"ముందే. మా పెళ్ళి మూడేళ్ళు ఆగిందమ్మా. నోరా లాంగ్‌ఫర్డ్ పోస్టాఫీసులో చేసేది. అప్పట్లో పెళ్ళయితే ఆడవాళ్ళు ప్రభుత్వ ఉద్యోగం మానెయ్యాలి, చట్టం. ఆ కౌంటరంటే ఆమెకి ప్రాణం. నన్ను చేసుకుంటావా, పోస్టాఫీసునా అనేవాణ్ణి. ఆలోచిస్తున్నా అనేది. ఓ వేసవిలో ఆ చట్టం ఎత్తేశారు. ఆ సాయంత్రమే సైకిలు మీద బాగ్‌లోకి వచ్చేసింది, మిషను ఆపమని చేతులూపుకుంటూ. మిషను కింద ఏదో పడిందనుకున్నా."

"ఆ చట్టం ఎత్తేసింది 1973 జూలై ఆఖర్లో," అంది మంగాదేవి. ఫోనులో చూసి మరీ చెప్పింది. "పెళ్ళెప్పుడు?"

"సెప్టెంబరులో. శనివారం. తేదీ..." డోలన్ ఆగిపోయాడు. ఆ సంగతి ఒప్పుకోవడం ఆయనకి కష్టంగానే ఉంది. "నోరాయే గుర్తుచేసేది ఏటా. వారం ముందు నుంచే పళ్ళెం గట్టిగా పెట్టేది, అలా తెలిసేది."

మర్నాడు చర్చి పుస్తకంలో తేదీ దొరికింది. 1973 సెప్టెంబరు 22. కర్ర తెచ్చిన మరుసటి రోజు నోరా తమ్ముడు ఇంగ్లండు నుంచి దిగాడు, దాని మీద కాలు తట్టుకుని పడ్డాడు, బొటనవేలికి కట్టుతో పెళ్ళికొచ్చాడు అని డోలన్‌కి గుర్తుంది. తమ్ముడు పెళ్ళికి మూడు రోజుల ముందు, బుధవారం, దిగినట్టు నోరా దాచుకున్న ఉత్తరంలో ఉంది. మంగాదేవి గడిలో నీలం సిరాతో రాసింది. దొరికిన తేదీ, 1973 సెప్టెంబరు 18, మంగళవారం. ఆ తేదీని డోలన్ చాలాసేపు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. సరిచూసినవారి చోట విజయేంద్ర మొదటిసారి అడగకుండానే పెట్టాడు.

అక్టోబరులో మ్యూజియం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కర్రను తిప్పి చూసి, గోకడానికి అనుమతి అడిగి, ఓపిగ్గా పెయింటు తీసింది. ఒకవైపు పూతలన్నీ లేచాక గుండ్రటి రంధ్రం కనిపించింది. దాని చుట్టూ ఇనుప తుప్పు మరక. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుంది.

"మిస్టర్ డోలన్, ఇది రైలు పట్టాల కింద వేసే దుంగండీ. మీ బాగ్‌లో మట్టి మోసే చిన్న రైలుండేది కదా, దానిది. ఓక్ కూడా కాదు, పైన్."

మంగాదేవి క్రీస్తు పూర్వం నుంచి ఒక్కసారిగా రైళ్ళ కాలంలోకి పడిపోయింది పాపం.

డోలన్ మాత్రం నిదానంగా అడిగాడు. "అంటే నేను కాల్చినవన్నీ?"

"అవీ ఇవే అయ్యుంటాయి."

"హమ్మయ్య," అన్నాడు. వెంటనే ఇంకో ఆలోచన వచ్చి ముఖం మారింది. "అంటే యాభై రెండేళ్ళుగా మా కంపెనీ సొత్తు దొంగిలించి తలుపుకి అడ్డం పెట్టుకున్నానా?"

"అది మా శాఖ కిందికి రాదు," అంది ఆ అమ్మాయి. టీ తాగి, రెండు స్కోన్లు తిని వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు కార్లో మంగాదేవి, "అంత కష్టపడి తేదీ తేలిస్తే ఏమయిందండీ, రైలు దుంగ!" అంది.

"తేదీ తప్పు కాదుగా," అన్నాడు విజయేంద్ర.

అవును, తప్పు కాదు. నవంబరులో డోలన్ ఫోన్ చేసి, తన పెళ్ళయిన ఏడాది ఇంకేం జరిగిందో రాసి పెట్టగలవా అని అడిగాడు. మంగాదేవి 1973కి నాలుగు పేజీలు రాసింది. ఐర్లండు యూరప్ దేశాల కూటమిలో చేరడం నుంచి నోరా తమ్ముడి బొటనవేలి దాకా అన్నీ ఆధారాలతో సహా ఉన్నాయి. డోలన్ వాటిని సంఘానికి పట్టుకెళ్ళి ఒక బుధవారం చదివి వినిపించాడు. సైకిలు దగ్గరకొచ్చేసరికి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అద్దాల మీద ఆవిరి పట్టిందన్నాడు.

ఇక అక్కడి నుంచి మంగాదేవికి ఊపిరాడలేదు. ఆ పల్లెలో అందరికీ తలా ఒక సంవత్సరం కావాలి. ఒకరికి తమ్ముడు పుట్టిన ఏడు, ఒకరికి కరెంటు వచ్చిన ఏడు. నెలకొక సంవత్సరం చొప్పున ఒప్పుకుంది. 148 పుస్తకం మూలన పడిందని విజయేంద్ర సంతోషించబోయాడు గానీ, కొత్త పుస్తకాల్లోనూ ఆయన గడి ఉండనే ఉంది.

ఫిబ్రవరిలో బ్రైడీ వంతు వచ్చింది. ఆమెకి 1971 కావాలి. ముఖ్యంగా ఆగస్టు ఆఖరి వారం.

"ఆ వారం జిమ్మీ లాక్ డెర్గ్ దీవికి వెళ్ళొచ్చానన్నాడు. మూడు రోజులు ఉపవాసం, వట్టికాళ్ళతో ప్రార్థన. తిరిగొచ్చాక నీరసంగానే ఉన్నాడనుకో. ఎందుకో నాకు నమ్మకం కుదర్లేదు. నువ్వు చూడు," అంది.

మంగాదేవి చూసింది. ఆ దీవిలో మూడు రోజుల యాత్ర ఏటా జూన్ మొదటి తేదీన మొదలై ఆగస్టు పదిహేనుతో ముగుస్తుంది. ఆఖరి వారంలో అక్కడ యాత్రే లేదు. ఇంకేముంది, ఆధారం దొరికిపోయింది. ఆ పేజీ పట్టుకుని బుధవారం హాలుకొచ్చింది. వాకిట్లో జిమ్మీ ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఎనభై రెండేళ్ళ మనిషి, టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

"తేలిందా అమ్మా?"

"తేలిందండీ."

జిమ్మీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ట్రలీలో ఉత్సవానికి వెళ్ళాం, నేనూ మా అన్నయ్యా. పాటలు, గుర్రాలు, అంతే. ఇంకేమీ లేదు. యాభై నాలుగేళ్ళ నుంచి చెబుదామనే అనుకుంటున్నా."

మంగాదేవి లోపలికి వెళ్ళింది. బ్రైడీ ముందు వరసలో సిద్ధంగా కూర్చుంది. పక్కన రెండు కప్పుల టీ, రెండు ముక్కల కేకు. ఒకటి జిమ్మీకి. కేకు అంచు విరిగిన ముక్క తన పళ్ళెంలో పెట్టుకుని, బాగున్నది ఆయనకి ఉంచింది.

"ఊ, చెప్పు," అంది బ్రైడీ.

మంగాదేవి పేజీ తిరగేసింది. జనవరి, మార్చి, జూన్ వినిపించింది. ఆగస్టు దగ్గర ఆగింది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఎవరి తప్పునూ చూసీ చూడనట్టు వదల్లేదు. ఆమె చెవులు ఎర్రబడటం వెనక కూర్చున్న విజయేంద్రకి స్పష్టంగా కనిపించింది.

"ఆగస్టు ఆఖరి వారానికి రికార్డులు దొరకలేదండీ," అంది.

"దొరకలేదా?"

"దొరకలేదండీ. వెతికాను."

జిమ్మీ తలుపు దగ్గర నుంచి మెల్లగా వచ్చి కుర్చీలో కూలబడి, టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. బ్రైడీ మంగాదేవిని చూసింది, జిమ్మీని చూసింది, మళ్ళీ మంగాదేవిని చూసింది.

"సరేలే. అయితే 1974 ఈస్టర్ చూసి పెట్టు. అప్పుడు కూడా ఎటో వెళ్ళాడు," అంది.